మా వైపు అంతా బాగానే ఉంది

ఆయన్ని అందరూ లైట్లాయన అనేవారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోతే కంపెనీ తరఫున వచ్చి బాగుచేసేవాడు. ఎవరు ఫోన్ చేసినా ముందు "డబ్బా మీద ఏ లైటు వెలుగుతోంది? ఎర్రదా, పచ్చదా?" అని అడిగేవాడు. పేరు అలా అతుక్కుపోయింది. కోపం వస్తే భార్య కూడా ఆ పేరుతోనే పిలిచేది.

తోటి పనివాళ్లు వచ్చి, తీగ ఒకసారి లాగి చూసి, "మా వైపు అంతా బాగానే ఉంది, మీ కంప్యూటర్లోనే ఏదో తేడా" అని చేతులు దులుపుకొని పోయేవారు. ఈయన నోట ఆ మాట వచ్చేది కాదు. లోపం ఎక్కడుందో తేలేదాకా కదిలేవాడు కాదు. ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయి ఉండేది. "అందరి వైర్లూ నీ మెడకే చుట్టుకో" అంటూ భార్య కంచం ముందుకు తోసేది.

ఆ వేసవిలో ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండే కోడలి ఫిర్యాదు ఆయన నెత్తిన పడింది.

డాక్టర్లు చెప్పిన మాటలు విని రిపోర్టులు టైపు చేయడం ఆమె ఉద్యోగం. ఇంట్లోనే చేసుకునేది. భర్త మంచాన పడ్డాక ఇల్లు నడిచేది దాని మీదే. పొద్దున బాగానే ఉండే ఇంటర్నెట్ మధ్యాహ్నమైతే చాలు, పోయేది. కంపెనీవాళ్లేమో పొద్దున వచ్చేవారు, మామూలు మాటే చెప్పి వెళ్లేవారు. అది నమ్మి కంప్యూటర్లో ఒక్కో భాగమూ మార్పించింది. ఏం లాభం? పని ఇచ్చేవాళ్లు ఇదే ఆఖరిసారి అని హెచ్చరించారు. అత్తగారేమో "రోజంతా టకటకలాడిస్తే పాడవక ఏమవుతుంది?" అని సాధించేది.

"మీరూ ఆ మాటే చెప్పి వెళ్తారా అన్నయ్యా?" అంది ఆమె, తలుపు తీసి.

"లేదమ్మా. మధ్యాహ్నం పోతోందన్నావుగా, అప్పటిదాకా ఇక్కడే కూచుంటా."

కూర్చున్నాడు. ఆ గదిలోనే ఆమె భర్త తిరిగే ఫ్యాను వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. ఎండ పడమరకి తిరిగింది. డబ్బా మీది పచ్చ లైటు ఎర్రబడింది. ఆమె కంప్యూటర్ తీగ పీకి తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. దాన్లోనూ రాలేదు.

"నీ కంప్యూటర్‌కి ఏ రోగమూ లేదమ్మా."

ఆ మాటకే ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేడ మీదికి వెళ్లి చూశాడు. భవనమంతటికీ ఇంటర్నెట్ పంచే ఇనుప పెట్టె పిట్టగోడకి అవతల, మెట్లగది బయటి గోడకి బిగించి ఉంది. ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. జాలీలోంచి చూస్తే లోపలి చిన్న ఫ్యాను తిరగడం లేదు. పెట్టె వేడెక్కి ఆగిపోతోంది, చల్లబడ్డాక మళ్లీ లేస్తోంది. మిగతా ఇళ్లవాళ్లు ఆ వేళ పనుల్లోనో నిద్రలోనో ఉండటంతో ఎవరికీ పట్టలేదు.

ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"బయటి పెట్టెలు మన పని కాదు. దానికి వేరే టీమ్ ఉంది, వీలైనప్పుడు వస్తారు" అన్నాడు సూపర్‌వైజర్. "నువ్వు కంప్లైంటు మూసేసి వచ్చేయ్."

అలాగే వచ్చేస్తే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది. "సాయంత్రంలోగా రిపోర్టులు పంపకపోతే రేపట్నుంచి వద్దన్నారు అన్నయ్యా" అంది.

ఆయన పిట్టగోడ ఎక్కాడు.

పెట్టె తలుపు మరలు తుప్పుపట్టి ఉన్నాయి. బలం కొద్దీ తిప్పుతుంటే ఒకటి పుటుక్కున విరిగింది. ఆ ఊపుకి మనిషి తూలి, కింది అంతస్తు సన్‌షేడ్ మీద పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడి మణికట్టు మాత్రం నుజ్జునుజ్జయింది.

ఆఫీసువాళ్లు ఆసుపత్రికి ఒకసారి వచ్చారు. చెప్పని పని చేశాడు కాబట్టి తమకి సంబంధం లేదని నసుగుతూ చెప్పి వెళ్లారు. బయటి టీమ్ మాత్రం మర్నాడే వచ్చి, కొత్త పెట్టె తెచ్చి నీడపట్టున బిగించింది.

కోడలు ఆసుపత్రికి వచ్చింది. వరండాలోనే లైట్లాయన భార్య ఎదురైంది.

"వదినా, నా వల్లే ఇదంతా..."

"వదినా గిదినా అనకు. ఆ రోజు నీ పనైనా అయిందా?"

"లేదు. ఉద్యోగం పోయింది."

"మరి ఆయన ఎందుకు పడ్డట్టు?" అంది భార్య.

లోపల మంచం మీద ఆయనకి అంతా వినపడుతూనే ఉంది.

"ఆ అమ్మాయినేం అనకు. ఎక్కమని తను చెప్పలేదు, ఎక్కింది నేను" అన్నాడు, భార్య లోపలికి రాగానే.

"ఎక్కేటప్పుడు నేనూ పిల్లా గుర్తురాలేదా?"

ఆయన కళ్లు దించుకున్నాడు. నిజంగానే గుర్తురాలేదు. ఆ వేళ ఆయన తలలో ఉన్నది పెట్టెలో ఆగిపోయిన ఫ్యాను ఒక్కటే.

కోడలు ఇప్పుడు ఒక బట్టల కొట్లో రోజంతా నిలబడి పనిచేస్తోంది. వాళ్లింట్లో ఇంటర్నెట్ మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యాహ్నాలు అత్తగారు కొడుకు పక్కన కూర్చుని ఫోన్లో సీరియళ్లు చూస్తోంది.

లైట్లాయన కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. కంపెనీ ఆయన చోట ఇంకొకర్ని వేసుకుంది. భార్య ప్యాకింగ్ పనికి కుదిరింది. పొద్దున్నే బయల్దేరే ముందు ఆయన చొక్కా గుండీలు పెట్టి వెళ్తుంది. పెడుతున్నంతసేపూ ఆయన గడ్డం పైకెత్తి గోడ వైపు చూస్తూ నిలబడతాడు. ఆమె మెడ దగ్గరి గుండీ కూడా వదలకుండా పెట్టి, సంచీ తగిలించుకుని, మెట్లు దిగిపోతుంది.