చొక్కా ఎత్తి చూసి, దించేశాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను అందరూ వాగుడుకాయ అంటారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా కాపురం సంగతులన్నీ చెప్పేస్తాను. ఈ ఒక్కటి మాత్రం ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకు కూడా తెలియదు.

అప్పుడు నాకు పెళ్లైన కొత్త. అత్తగారి ఊరు చౌడేపల్లె దగ్గర ఒక పల్లె. మా తోటికోడలిని అక్కా అనేదాన్ని. ఆమె కొడుక్కి తాత పేరు సిద్దప్ప అని పెట్టారు. నేను సిద్దూ అనేదాన్ని. ఇంకా పాకడం రాలేదు వాడికి. వాళ్లమ్మ దగ్గర కంటే నా చంకలోనే ఎక్కువ ఉండేవాడు. నా నల్లపూసలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ, మెడంతా తడిపేసేవాడు.

మా అత్తకు ఒక పట్టింపు. పసిబిడ్డ గుడ్డలు పొద్దుగూకాక బయట ఉండకూడదు. పైనుంచి పక్షి దాటితే ఆ దోషం బిడ్డకు తగులుతుందట. మా వీధిలో ఒక బిడ్డకు జబ్బు చేస్తే, గుడ్డలు తీయడం మరిచిన ఆ ఇంటి కోడలిని అందరూ ఎలా ఆడిపోసుకున్నారో నేను చూశాను.

ఒక సాయంత్రం నేనూ మరిచిపోయాను. పక్కింటామెతో కబుర్లలో పడ్డాను. గుర్తొచ్చేసరికి చీకటి పడిపోయింది. ఎవరూ చూడకుండా గుడ్డలు తెచ్చి మడతపెట్టేశాను.

మర్నాడు పొద్దున వాడు పాలు తాగలేదు. ఊపిరి గబగబా తీస్తున్నాడు. చొక్కా ఎత్తి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. అదేమిటో నాకు తెలుసు. చిన్నప్పుడు మా తమ్ముడికి నిమ్ము చేస్తే, మా అమ్మ ఇలాగే చొక్కా ఎత్తి చూపించింది. ఇలా డొక్కలు లోపలికి పోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, ఆస్పత్రికి పరిగెత్తాలి అని చెప్పింది. ఏడో తరగతిదాకా చదివింది ఏదీ గుర్తులేదు నాకు. అది మాత్రం గుర్తుంది.

చొక్కా దించేశాను.

బావ అప్పటికే టమాటా బుట్టలు ఆటోలో ఎక్కించి, మదనపల్లె మార్కెట్టుకు పోదామని కేకలేస్తున్నాడు. అక్క గడపలో ఆగింది.

"ఎట్లుండాడు మే వాడు? పాలు తాగల్యా. యాల?"

"జలుబుక్కా. ముక్కు దిబ్బడేసింటే యాడ తాగతాడు?"

"నేను ఇంటికాడే నిలబడిపోయేదా?"

"నువ్వు పోక్కా. టమాటాలు నీకోసం కాసుకోనుంటాయా మండీలో?"

అక్క నవ్వింది. "నీ నోరుండాది సూడు! నిన్ను మండీలో కూర్చోబెట్టింటే ఎప్పుడో బాగుపడిందుము." వాడి బుగ్గ ముద్దుపెట్టుకుని వెళ్లిపోయింది.

ఎందుకలా చేశాను? చెబితే అత్త మొదట గుడ్డల సంగతే అడుగుతుంది. నా ముఖంలో ఏదీ దాగదు. పక్షి సంగతి నేనూ నమ్మాను, నా వల్లే వాడికి వచ్చిందనుకున్నాను, నా వల్ల వచ్చింది గనుకే నోరు విప్పలేకపోయాను. గుడ్డలు బయటున్నంత మాత్రాన నిమ్ము రాదని ఇప్పుడు తెలుసు. ఆ సాయంత్రం నేను ఏ తప్పూ చేయలేదు. తప్పంతా ఆ పొద్దునే చేశాను.

మధ్యాహ్నానికి వాడు ఏడవడం మానేశాడు. పెదాలు నీలంగా మారాయి. సిద్దూ, సిద్దూ అని ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. అత్త చేను దగ్గరుంది. వాణ్ణి ఎదకు కరుచుకుని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాకా పరిగెత్తాను. దొరికిన ఆటో ఎక్కి పుంగనూరు చేరాను. డాక్టరు ఎప్పటినుంచి ఇలా ఉన్నాడని అడిగాడు. ఇప్పుడే సార్, అన్నాను. అక్కడ కూడా అబద్ధమే. అక్కడినుంచి మదనపల్లె పెద్దాసుపత్రికి పంపారు. వాడి చిన్న ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు.

వాడు బతికాడు. గుడ్డల మాట ఎవ్వరూ ఎత్తలేదు. అత్త కూడా. అక్క నా కాలి బొబ్బలకు ఆముదం రాస్తూ, నువ్వే వాడికి రెండో తల్లివి అంది. నేను కాలు వెనక్కి తీసుకోలేదు. ఆ మాట తీసుకున్నాను.

ఇప్పుడు నేనూ మా ఆయనా కుప్పంలో ఉంటున్నాం. సిద్దూ ఊళ్లోనే బడికి పోతున్నాడు. చలికాలం వస్తే రొప్పుతాడు, పరిగెత్తితే మధ్యలో కూర్చుండిపోతాడు. నేను ఆ పూటంతా ఆగినందుకే అలా అయిందా? కాకపోవచ్చు. డాక్టరును అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు. సెలవులకు వస్తే వాడు నా పక్కనే పడుకుంటాడు. నిద్రపోయాక వాడి వీపు మీద చెయ్యి వేసి ఊపిరి వింటాను.

చుట్టాల్లో ఎవరి బిడ్డకు నలతగా ఉన్నా, అక్క నా దగ్గరికే పంపుతుంది. మా చెల్లెలికి చూపించండి, చూడగానే తెలిసిపోతుంది ఆమెకు అంటుందట. వాళ్లొస్తారు. నేను చొక్కా ఎత్తి చూస్తాను. కొంచెం అనుమానం ఉన్నా వెంటనే తరిమేస్తాను, ఆస్పత్రికి పొమ్మని. వాళ్లు నన్ను మెచ్చుకుంటారు.

అక్క చెప్పేది అబద్ధం కాదు. నాకు చూడగానే తెలుస్తుంది. ఆ రోజు పొద్దున కూడా తెలిసింది. ఇంత చిన్న మాట. దీన్ని అక్కకు ఇంకా చెప్పలేదు. మీకైతే చెప్పేశాను.