పదకొండు మీద వినబడిన పాట

ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు నన్ను కూర్చోబెట్టి "నీ సంగతేమిటి?" అని అడగలేదు. అర్జీలు మాత్రం తీసుకున్నారు. ముట్టినట్టు స్టాంపు కూడా వేశారు. ఆ నకళ్లన్నీ నా దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. "వాడు ఊకె ఒర్రుతడు, వానికదొక రోగం" అని క్యాంటీన్‌లో నా వెనక అన్నవాళ్లున్నారు. ఎవరన్నారో, ఏ బల్ల దగ్గర అన్నారో నాకు గుర్తుంది. పేర్లు రాయను. ఇక్కడ సంగతి వాళ్లది కాదు. నా చెవులది, నేను ముచ్చటపడి కొనుక్కున్న ఒక చిన్న పాటల ప్లేయర్‌ది.

పటాన్‌చెరు పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో నేను కంప్రెసర్ ఆపరేటర్‌ని. మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి ఊరు. మా నాన్న దాకా అందరూ వ్యవసాయమే. నేను ఐటీఐ చదివి ఈ గదిలో పడ్డాను. గదిలో మూడు కంప్రెసర్లుంటాయి. ప్లాంటు మొత్తానికి గాలి అక్కడి నుంచే పోవాలి కాబట్టి ఎప్పుడూ రెండు తిరుగుతూనే ఉంటాయి. ఒక మూల నాకు అద్దాల క్యాబిన్ కట్టించారు. దాని తలుపు చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీ నేను చేరిన మరుసటి ఏడాదే ఊడిపోయింది. అప్పటి నుంచి ఆ తలుపు పూర్తిగా మూసుకోదు. దాని గురించి రాసిందే నా మొదటి అర్జీ. చెవులకు పెట్టుకునే మఫ్‌ల మెత్త ఒక వైపు చిరిగిపోయిందని రెండోది రాశాను. పట్టీ రాలేదు. మఫ్‌లు వచ్చాయి గాని, అవి ఇన్‌స్పెక్షన్ రోజున పెట్టుకోవడానికట. సాయంత్రం మళ్లీ తీసుకుపోయారు.

కొన్నేళ్లకు ఆ మోత నాతోపాటు ఇంటికి రావడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి, బస్సు దిగి, కాళ్లు కడుక్కుని కూర్చున్నా చెవిలో సన్నగా ఒక కూత. ఆగదు. ఒక సాయంత్రం నా భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మీద పడింది.

"ఏమయ్యా, కుక్కర్ అయిదు కూతలేసింది. నేను దొడ్డిలకెళ్లి ఒర్రుతున్న, బంద్ చెయ్యమని. పక్కనే కూసున్నవ్, ఇనబడలేదా?"

చెవిలో కూతేదో, కుక్కర్ కూతేదో తెలియలేదని ఆమెకు ఎలా చెప్పను? "సోయిల లేను" అన్నాను.

"నీ సోయి ఎప్పుడున్నది? అర్జీలు రాసేటప్పుడే ఉంటది."

ప్లేయర్ కొన్నది ఆ కూత కోసమే. పాట పెడితే కూత దాని కింద అణిగిపోయేది. ఫోన్‌లో వినొచ్చు కదా అంటారు. మా ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి పోవాలి. బస్సులో విందామంటే షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్లు, పాట మధ్యలో తెగిపోతుంది. సంగారెడ్డి బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ షాపులో చూశాను దాన్ని. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. వెనక క్లిప్పు, ముందు గోరంత తెర. కెమెరా లేదు, సిమ్ లేదు. మనకు కావలసిన పాటలు కార్డులో ఎక్కించి ఇస్తారు. సౌండు పెంచితే తెర మీద అంకె కనబడుతుంది, ముప్పై దాకా.

గేటు దగ్గర సెక్యూరిటీ దాన్ని ఆపేశాడు. నేను ఊరుకుంటానా? కెమెరా లేని వస్తువును ఏ రూలు కింద ఆపారో చెప్పమని రాశాను. పని అవుతుందని చివర ఒక మెత్తని మాట కూడా చేర్చాను: "పాట లేనిదే నాకు పొద్దు గడవదు. దయచేసి అనుమతించగలరు." నా అర్జీల్లో నెగ్గింది అదొక్కటే. బస్సులోను, క్యాంటీన్‌లోను వినవచ్చు, ప్లాంటు లోపలికి తీసుకుపోరాదు అని కాగితం ఇచ్చారు. నేను దాన్ని మీరలేదు. ప్లాంటు తలుపు దగ్గర ప్లేయర్‌ని నా లాకర్‌లో పెట్టి తాళం వేసేవాణ్ణి.

ఆ మొదటి రోజుల గురించి చెప్పుకోవాలి. పొద్దున్నే కంపెనీ బస్సు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఎక్కితే, రోడ్డు పనుల మూలంగా రుద్రారం దాటడానికే ముప్పావుగంట. ముందు లారీ, వెనక లారీ, అద్దం మీద దుమ్ము. అందరూ డ్రైవర్‌ను తిట్టేవాళ్లు. నేను మాత్రం పదకొండు మీద పాట పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. పాత సినిమా పాటలు, దుర్గమ్మ పాటలు, మా అమ్మ నాట్లప్పుడు పాడినటువంటి పాటలు. పాటకు పాటకు మధ్య రెండు క్షణాలు ఖాళీ వచ్చేది. ఆ రెండు క్షణాల్లో కూత తల ఎత్తేది, మళ్లీ అణిగేది. ఇన్నేళ్ల నౌకరీలో నేను సుఖంగా కూర్చున్నది ఆ సీట్లోనే.

నా పక్క సీటు మా వర్క్‌షాపులో పనిచేసే ఫిట్టరన్నది. నాకన్నా పెద్దవాడు. ఇయర్‌ఫోన్ ఒకటి లాగి తన చెవిలో పెట్టుకునేవాడు. "ఏం తమ్మీ, ఒక్కనివే ఇంటవా? బస్సు కంపెనీది, పాట ఊరందరిది" అనేవాడు. ఆ వంకాయ రంగు సీటు మీద ఇద్దరం ఒకే తీగకు కట్టేసినట్టు కూర్చునేవాళ్లం.

అయితే బ్యాటరీ దగ్గర మోసం జరిగింది. ఒకసారి ఛార్జింగ్ పెడితే ఇరవై గంటలు పాడుతుందని షాపతను నాతో అన్నాడు. పద్నాలుగు దాటలేదు. పోయి అడిగితే, "సౌండ్ ఎక్కువ పెడితే జల్దీ దిగుతదన్నా. నువ్వు ఎంత మీద ఇంటున్నవో?" అన్నాడు. నేను అబద్ధమాడుతున్నట్టు మాట్లాడాడు. సరే, రుజువు చేస్తానని ఒక నోటుబుక్కు పెట్టాను. "సోమవారం. బస్సు. పదకొండు. గంట." రోజూ రాశాను. మూడు నెలల తర్వాత తీసుకుపోయి చూపిస్తే అతను రెండు పేజీలు తిప్పి, "అన్నా, నీకు దండం" అని మూసి ఇచ్చేశాడు. బ్యాటరీ మార్చలేదు. నేనూ రాయడం మానలేదు. ఏ రోజుకైనా పనికొస్తుందనుకున్నాను.

అప్పుడే మరో గొడవ కూడా వచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన ఒక పాట ఉంది. చరణానికి ముందు పిల్లనగోవి ఒంటరిగా పైకి పోయి, అక్కడ ఒక క్షణం నిలబడి, దిగుతుంది. ఒక రోజు ఆ చోటు వచ్చింది గాని పిల్లనగోవి రాలేదు. తబలా ఉంది, గొంతు ఉంది, అది లేదు. పాట ఖరాబు ఎక్కించాడని మళ్లీ షాపుకు పోయాను. అతను పెద్ద స్పీకర్‌లో పెట్టాడు.

"ఇగో అన్నా, వచ్చింది. ఇన్నవా?"

"లేదు."

"గిప్పుడే పోయింది గదన్నా! మల్ల పెడతా. ఇగో... ఇగో... ఇనబడుతలేదా?"

షాపులో ఇంకో ఇద్దరు గిరాకులు నా మొహం చూస్తున్నారు. నన్ను నలుగురిలో పిచ్చివాణ్ణి చేస్తున్నాడనుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. ఆ షాపు మెట్టు మళ్లీ ఎక్కలేదు. నాతో నిజం చెప్పిన మొదటి మనిషి అతనే. ఈ మాట రాయడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు.

తర్వాత కొన్నాళ్లు ఫిట్టరన్న షిఫ్టు మారి, చాలా నెలలకు మళ్లీ నా పక్క సీట్లోకి వచ్చాడు. అలవాటు కొద్దీ ఇయర్‌ఫోన్ లాగి చెవిలో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే పీకేశాడు.

"ఏందిరా నాయనా! గిది పాటనా, క్రషర్ మిషనా? నా చెవు గుయ్యిమంటున్నది. ఎంత మీద పెట్టినవ్?"

"రోజూ పెట్టేంతనే."

తెర చూశాడు. "ఇరవై ఆరు! తమ్మీ, నీకేమన్న అయిందా?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి పోయి నోటుబుక్కు తీశాను. అదే బస్సు, అదే సీటు, అవే పాటలు. పదకొండు కొన్ని వారాలు నడిచింది. తర్వాత పదమూడు. చలికాలంలో పదిహేడు. ఏ రోజూ నేను కావాలని పెంచినట్టు గుర్తులేదు. వినబడేంత పెట్టుకున్నాను, అంతే. బ్యాటరీ కోసం రాసుకున్న పుస్తకంలో నా చెవి మెట్టు మెట్టు దిగుతూ పోయింది. నా చేత్తోనే రాశాను, నాకే తెలియలేదు.

ఇంత మంచి రుజువు నా జన్మలో ఎప్పుడూ దొరకలేదనుకున్నాను. కంప్రెసర్ గది నుంచి నన్ను స్టోర్స్‌కు మార్చమని, ఉన్న వినికిడైనా మిగిలేటట్టు చూడమని అర్జీ రాశాను. నోటుబుక్కు మొత్తం జిరాక్స్ తీయించి దానికి జత చేశాను. వారానికి రెండుసార్లు వచ్చే కంపెనీ డాక్టరు నా చెవుల్లో లైటు వేసి చూసి, కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు. తర్వాత సేఫ్టీ ఆఫీసర్ పిలిచాడు. నాకన్నా చిన్నవాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. మాట మెత్తగా, నిదానంగా ఉంటుంది. ఎంత మెత్తగా అంటే నేను బల్ల మీదికి వంగి వినాల్సి వచ్చింది.

"ఇది మీ చేతిరాతేనాండి?"

"నాదే సార్."

"ముప్పైకి ఇరవై ఆరు. రోజుకి రెండు గంటలు. ఇలా వింటే ఎవరి చెవులైనా పోతాయండి. డాక్టరుగారు కూడా అదే రాశారు, ఇయర్‌ఫోన్ అలవాటు వల్ల అని."

"సార్, అది చెవు పోయినంక పెట్టుకున్న అంకె. ముందుగాల పదకొండు మీద ఇనబడేది. మొదటి పేజీ సూడుండ్రి."

"మరి పదకొండుని ఇరవై ఆరు చేసిందెవరండీ? కంప్రెసరా?"

పక్క కుర్చీలో ఉన్న క్లర్కు నవ్వాడు. సేఫ్టీ ఆఫీసర్ ఇంకో కాగితం నా ముందుకు జరిపాడు. గేటు గొడవప్పుడు నేను రాసిన అర్జీ. "పాట లేనిదే నాకు పొద్దు గడవదు" అన్న వాక్యం కింద ఎర్ర గీత ఉంది. నా అర్జీలు ఎవరూ చదవరనుకునేవాణ్ణి. చదివారు, ఆ ఒక్కటి.

బస్సులో ఫిట్టరన్నకు చెబితే తల పట్టుకున్నాడు. "ఎవడన్న పుస్తకం జిరాక్స్ తీసి వాళ్ల చేతుల పెడతడా? నీ మీద నువ్వే గవాయి చెప్పినవ్ తమ్మీ."

ఆ రాత్రే కాదు, ఆ వారమంతా పాటలు ముందా, చెవి ముందా అని లోలోపల తవ్వుకున్నాను. అప్పుడు వ్యాను గుర్తొచ్చింది. ప్లేయర్ కొనడానికి ముందటి ఎండాకాలం, చెవి పరీక్షలు చేసే వ్యాను ఒకటి ఫ్యాక్టరీలోకి వచ్చింది. లోపల ఒక గూడు లాంటి గది. హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో బటన్ పెట్టి కూర్చోబెట్టారు. మొదట కొన్ని కూతలకు ఒత్తాను, తర్వాత ఏమీ వినబడక చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసింది.

"అన్నా, కూత ఇనబడంగనే బటన్ ఒత్తమన్న గదా. ఎందుకు ఒత్తుతలేవ్?"

"అయిపోయిందనుకున్న."

ఆమె తన ముందున్న కాగితం మీద గీత గీసింది. సగం దాకా సమంగా పోయిన గీత కుడివైపున కిందికి పడింది. నా కళ్లతో చూశాను. ఏమైందని అడిగితే, "రిపోర్ట్ ఆఫీసుకు వస్తదన్నా" అంది. ప్రతి కాగితానికీ నకలు అడిగే నేను ఆ ఒక్క కాగితానికి అడగలేదు. వెనక లైన్లో జనం ఉన్నారు, టీ టైం అయిపోతోంది. నేను కూడా తొందరపడ్డాను.

ఇప్పుడు అడిగితే ఆ వ్యాను వాళ్ల కాంట్రాక్టు అయిపోయిందన్నారు. పాత రిపోర్టులు హెడ్డాఫీసులో ఉంటాయన్నారు. హెడ్డాఫీసుకు రిజిస్టర్ పోస్టు పంపాను. ప్లాంటులో అడగమని అక్కడి నుంచి ఫోన్ చేశారు. ఆ ఫోన్‌లో మాట సగం నాకు అర్థం కాలేదు, నా భార్య విని చెప్పింది. మళ్లీ ప్లాంటులో అడిగాను. హెచ్ఆర్‌లో ఒకాయన తలుపు వేసి నా మంచి కోరుతున్నట్టు మాట్లాడాడు. "ఇనబడుతలేదని నువ్వే రాసిస్తే, అలారం ఇనబడని మనిషిని ప్లాంట్‌ల ఎట్ల ఉంచుకుంటం? జెర సోచాయించుకో." అంటే చెవి బాగుందంటే అదే గదిలో కూర్చోవాలి. బాగాలేదంటే ఇంటికి పోవాలి. పిల్ల ఇంటర్ చదువుతోంది. ఏ తలుపు తీసినా ఆ మోతే వినబడుతోంది.

మూడు నెలలు ప్లేయర్ ముట్టుకోవద్దు, తర్వాత మళ్లీ పరీక్ష చేద్దామని డాక్టరు చెప్పాడు. ముట్టుకోలేదు. బస్సులో ఉత్త చెవులతో, ఆ కూతతో కూర్చున్నాను. మూడు నెలలై మరో రెండు నెలలు గడిచాయి. పరీక్షకు ఎవరూ పిలవలేదు. ఇప్పుడు పాట వింటే చూశావా, వీడే చెడగొట్టుకున్నాడంటారు. వినకపోతే నాకు మిగిలేది కూత. నా భార్య అయితే "నౌకరీ పోతది, ఇగ రాసుడు బంద్ చెయ్యి" అంటుంది. ఆమె మాట కాదనలేను. బంద్ చేయలేను కూడా.

సేఫ్టీ ఆఫీసర్ గారూ, ఇది మీ దాకా వస్తుంది. నా గురించిన కాగితాలు కావలసినప్పుడు మీకు బాగానే దొరుకుతాయి. స్టోర్స్ సంగతి తర్వాత చూద్దాం. నేను అడిగేది ఒక్కటే. వ్యానులో ఆ అమ్మాయి గీసిన గీత ఎక్కడ ఉంది? అది కిందికి పడిన రోజున నా దగ్గర ప్లేయర్ లేదు, పాటలు లేవు. మీ కంప్రెసర్లే ఉన్నాయి. అవునా, కాదా? గదిలోకి పిలిచి నోటితో చెప్పకండి. మీరు మెల్లగా మాట్లాడతారు, నాకు సగమే అందుతుంది. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.