ఫ్రిజ్ చార్టులో రెండు ఖాళీ గడులు

మా వదినను పురుళ్ల కేంద్రంలో అందరూ కాగితాలమ్మ అంటారు. ఎదురుగా కాదు. ఎదురుగా అనే ధైర్యం మా అన్నయ్య ఒక్కడికే ఉంది, అదీ ఆవిడ మంచి హుషారులో ఉన్నప్పుడు.

మాది చిన్న కేంద్రం. మూడు మంచాలు, ఒక కాన్పు గది, వంటింటి పాటి ఆఫీసు. ముప్పై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్న మంత్రసానిని అందరం పెద్దక్క అంటాం, కేంద్రం ఆవిడదే. నేను నర్సుని. ఒక ఆయా ఉంది. వదిన పురుడు పొయ్యదు, సూది వెయ్యదు. మా లైసెన్సును బతికించుకోవడం ఆవిడ ఉద్యోగం. మంటలార్పే సిలిండర్ గడువెప్పుడు, రక్తమంటిన దూది పసుపు సంచిలోనే పడిందా, పరికరాలు ఆవిరి పట్టిన ప్రతిసారీ, క్రిములు చచ్చాయని చూపే రంగు మారిన పట్టీని రిజిస్టర్లో అంటించామా, అన్నీ ఆవిడకు కావాలి. ఇంట్లోనూ ఇదే వరస. పంచదార డబ్బా మీద కూడా తేదీ చీటీ ఉంటుంది.

"నా నెత్తిమీద కూడా ఒకటి అంటించు, గడువెప్పుడో తెలుస్తుంది" అంటాడు అన్నయ్య.

"మీ గడువు ఎప్పుడో అయిపోయింది. రెన్యువల్ మీద నడుస్తున్నారు" అంటుంది వదిన, తలెత్తకుండానే.

ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: చూసినప్పుడే రాయాలి, చూడనిది రాయకూడదు. వినడానికి ఎంత సులువో! నేను అంతకు ముందు పనిచేసిన ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో రోజూ రాయాల్సిన చార్టు నెలకోసారి నింపేవాళ్లం. వరసగా నాలుగు, నాలుగు, నాలుగు. కరెంటు లేని రోజు కూడా ఆ ఫ్రిజ్ చక్కగా నాలుగు డిగ్రీల దగ్గరే కూర్చునేది. అచ్చు వేసిన చార్టులో ఏ నెలకైనా ముప్పై ఒక్క వరసలు ఉంటాయి కదా, ఆ ఊపులో నేను ఒకసారి ఫిబ్రవరి ముప్పై, ముప్పై ఒకటి కూడా నింపేశాను. తనిఖీకి వచ్చినాయన దాని కింద సంతకం పెట్టి వెళ్లాడు. ఇక్కడ చేరిన కొత్తలో ఈ ముచ్చట చెబితే పెద్దక్క, ఆయా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వదిన మాత్రం టీ గ్లాసు కడగాలని లేచి వెళ్లిపోయింది. ఈవిడకు నవ్వడం కూడా రాదనుకున్నాను.

ఆ ఏడు మా లైసెన్సు నెలాఖరుతో ముగుస్తుంది. తనిఖీ చేసి మళ్లీ ఇవ్వకపోతే తలుపులు మూసుకోవాల్సిందే. మరుసటి నెలలో కాన్పుకు రావాల్సిన వాళ్లు మా పుస్తకంలో పదకొండు మంది ఉన్నారు. మేము లేకపోతే నొప్పులు పడుతూ గంటన్నర బస్సులో పోవాలి వాళ్లు.

తనిఖీ ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకామె ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. పెద్దక్క ఆమె కడుపు మీద చేతులు వేసి మర్దన మొదలుపెట్టింది. నేను పరుగెత్తి ఫ్రిజ్‌లోంచి రక్తం ఆపే మందు తెచ్చాను. తలుపు తీసినప్పుడు డిగ్రీల అంకె నా ముక్కుకు ఎదురుగానే వెలుగుతోంది. చూడలేదు. వదిన అంబులెన్సును పిలిచి, స్ట్రెచర్ ఒక కొస తనే పట్టుకుంది. ఆ తల్లి రక్తమూ తన రక్తమూ ఒకటే గ్రూపని పుస్తకంలో చూసుకుని, మాతోపాటు బండెక్కింది. ఆయా బిడ్డను గుండెలకు అదుముకుని కేంద్రంలో ఉండిపోయింది. మేము తిరిగి వచ్చేసరికి ఏడయింది. తల్లి బతికింది.

రోజుకు మూడుసార్లు ఫ్రిజ్ చూసి రాయడం నా పని. ఉదయం ఎనిమిదిది రాశాను. రెండింటి గడి, ఆరింటి గడి ఖాళీ.

మర్నాడు పొద్దున చూస్తే, వేడి ఎంతవరకు పెరిగిందో గుర్తుపెట్టుకునే ఫ్రిజ్ మీటర్లో ఆరు దాటలేదని ఉంది. ఎనిమిది దాటితేనే మందు చెడుతుంది. ఊపిరి పీల్చుకుని పెన్ను తీశాను. వదిన చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది.

"మందు బాగానే ఉంది కదా వదినా! రెండు నాలుగులు వేస్తే ఎవరి సొమ్మేం పోయింది?"

"మందు బాగుందని నేను పక్కన రాస్తాను, మీటర్లో కనపడుతోంది కాబట్టి. నువ్వు రెండింటికి వచ్చి చూశావని ఎలా రాయను?"

పెద్దక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "రెండు అంకెల కోసం నా గుమ్మానికి తాళం వేయిస్తావా?"

"తాళం పడితే ఆ గుమ్మం ముందు అందరికన్నా ముందు నేను కూర్చుంటాను అక్కా. ఆ గడుల్లో మాత్రం ఎవర్నీ వేలు పెట్టనివ్వను."

తొమ్మిది రోజులూ ఇంట్లో నేను ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. తప్పు నాది, మొండితనం ఆవిడది, మునిగేది పదకొండు మంది అని లోలోపల ఉడికిపోయాను.

తనిఖీ అధికారి పెద్ద వయసువాడు, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కి వచ్చాడు. పొద్దుటినుంచి సంచులు, సిలిండర్లు, పట్టీలు అన్నీ చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి ఫ్రిజ్ దగ్గర ఆగి కళ్లద్దాలు తీశాడు.

"ఇంత నిజంగా రాసిన చార్టు నేను ఎక్కడా చూడలేదమ్మా. అందుకే మీ మంచికి చెబుతున్నా. ఖాళీలు కనపడితే పైన కమిటీవాళ్లు ఊరుకోరు. నేను వరండాలో కూర్చుని టీ తాగి వస్తాను. ఈలోపు మీ పని మీరు చూసుకోండి." తన పెన్ను తీసి చార్టు మీద పెట్టాడు.

మంచివాడే. నా చెయ్యి దురద పెట్టింది. వదిన ఆ పెన్నుకు మూత పెట్టి ఆయన చేతికిచ్చింది.

"మీ పెన్ను సార్. టీ తర్వాత తాగుదురుగాని, ముందు ఇది చూడండి."

బీరువా అడుగు అరలోంచి ఒక పాత ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఏదో పెద్ద ఆసుపత్రి కాన్పు కాగితం. కడుపులోని బిడ్డ గుండె అరగంటకోసారి ఎలా కొట్టుకుందో రాసిన పట్టిక. నూట నలభై, నూట నలభై రెండు, నూట నలభై, నూట నలభై నాలుగు. ఒకే సిరా, ఒకే చేతిరాత, ముత్యాల్లాంటి అంకెలు.

"ఒక్క గడి ఖాళీ లేదు చూడండి" అంది వదిన.

"అవునమ్మా, ఇలా ఉండాలి. ఎక్కడిది?"

"నాది సార్. పదకొండేళ్ల కిందటిది. ఆ నాలుగు గంటలూ నా గదిలోకి ఒక్కరూ రాలేదు. తలుపు వంక చూస్తూ పడుకున్నాను. చివరికి ఎవరో వచ్చి చూసి, గుండె ఆగిపోయి చాలాసేపయిందన్నారు. ఈ కాగితంలో మాత్రం నా కూతురు అరగంట కిందటి దాకా నూట నలభై నాలుగుతో ఉంది. అడగడానికి వెళ్తే ఇదే చూపించారు. అన్ని గడులూ నిండే ఉన్నాయి కదమ్మా, ఇంకేం కావాలి అన్నారు."

అన్నయ్యకు తొలి బిడ్డ దక్కలేదని నాకు తెలుసు. ఈ కాగితం సంగతి తెలియదు. ఫిబ్రవరి ముప్పై అని నేను ఇకిలించిన రోజు, వదిన గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిన రోజు కళ్ల ముందుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అధికారి ఆ పట్టికను మళ్లీ మొదటి గడి నుంచి చదివాడు. కవరులో పెట్టి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఖాళీలు ఉన్నాయని నేను రాయక తప్పదమ్మా. చూశాను కదా."

"రాయండి సార్. నేను అడిగేదీ అదే."

రాశాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

వారం తిరగకుండా ఉత్తరం వచ్చింది: ఖాళీలకు సంజాయిషీ ఇచ్చేవరకు లైసెన్సు ఆపుతున్నాం. నెలాఖరుకు నాలుగు రోజులుంది. అవసరానికి వచ్చి చూసే డాక్టరుగారు, సాంకేతిక లోపం, అనివార్య కారణాలు, చింతిస్తున్నాం అంటూ రెండు పేజీల నమూనా పంపారు. వదిన దాన్ని మడిచి, కుంటుతున్న బల్ల కాలి కింద పెట్టింది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి నా ముందుకు తోసింది.

"సంతకం పెట్టు. ఆ గడులు రాయాల్సింది నువ్వు. కింద నేనూ పెడతాను."

ఆ ఉత్తరం తీసుకుని నేనే లైసెన్సులిచ్చే ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా పైకి చదివాడు: "ఆ మధ్యాహ్నం మేం నలుగురం ఒక తల్లి దగ్గర, ఆమె బిడ్డ దగ్గర ఉన్నాం. ఫ్రిజ్ దగ్గర ఎవరూ లేరు. చూడలేదు కాబట్టి రాయలేదు. మళ్లీ అలాంటి పూట వస్తే మళ్లీ అలాగే చేస్తాం."

"ఇంతేనా? కింద క్షమాపణ ఏదీ?"

"లేదండీ" అన్నాను. నా గొంతు వదిన గొంతులా వినపడి నాకే ఆశ్చర్యమేసింది. "అందినట్టు ముద్ర వెయ్యండి. తేదీ ఇవాళ్టిదే వెయ్యండి."

గడువుకు ఒక్కరోజు ముందు లైసెన్సు వచ్చింది. మూడేళ్లకు బదులు ఏడాదికే ఇచ్చారు. పెద్దక్క గొణిగింది. "ఏటేటా రమ్మనండి, చార్టు ఎక్కడికీ పోదు" అంది వదిన.

మర్నాడే పుస్తకంలోని పదకొండు మందిలో మొదటామె నొప్పులతో వచ్చింది. అరగంట కాగానే గదిలోకి వెళ్లి, ఆమె పొట్ట మీద బిడ్డ గుండె వినే మిషను ఆనించి, నిమిషం నిండా లెక్కపెట్టాను. పక్కనే ఆఫీసులో వదిన కుర్చీ చప్పుడు ఆగిపోయింది.

"నూట ముప్పై ఎనిమిది" అన్నాను, గోడ అవతలికి వినపడేలా. అప్పుడు రాశాను.