తొమ్మిది మందికి నాలుగు కుర్చీలు

నా చిన్నప్పుడు ‘మా’కూ ‘మన’కూ తేడా నాకు తెలిసేది కాదు. టెక్సస్‌లో పెరుగుతున్న పన్నెండేళ్ళ పిల్లను. ఇంగ్లీషులో రెండిటికీ ‘అవర్’ ఒక్కటే. అది 2001 వేసవి. అమ్మ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేది. నాకు బడి సెలవులు కాబట్టి పగలంతా నన్ను అక్కడి స్టూడెంట్ సెంటర్‌లో, మా పక్కింటి అక్క దగ్గర వదిలేది. అక్క అక్కడే ఎమ్మెస్ చదువుతుండేది.

సెంటర్‌లో కిటికీ పక్కన ఒక పొడుగాటి బల్ల ఉండేది. మధ్యాహ్నం అక్క, ఆమె స్నేహితులు, నేను, మొత్తం తొమ్మిది మందిమి అక్కడ ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలు తెరిచేవాళ్ళం. క్లాసులో నోరు విప్పడానికి భయపడేవాళ్ళు కూడా ఆ బల్ల దగ్గర గలగలా మాట్లాడేవాళ్ళు. అంత పెద్ద క్యాంపస్‌లో వాళ్ళకు తమదనిపించే చోటు అదొక్కటే.

ఒకరోజు సెంటర్ మేనేజరమ్మ పెద్ద కాగితం తెచ్చింది. ‘దిస్ ఈజ్ అవర్ హోమ్’ అని అప్పటికే తొమ్మిది భాషల్లో రాసి ఉంది, తెలుగులో కూడా కావాలంది. అక్క క్లాసులో ఉంది. అమ్మ నేర్పిన అక్షరాలు చూపించుకునే అవకాశం దొరికిందని నేనే ‘ఇది మా ఇల్లు’ అని రాశాను.

అదే వారం ఆవిడే మళ్ళీ వచ్చింది. ఆవకాయ వాసన వస్తోందని ఎవరో అన్నారట, ఇంటి తిండి ఇకనుంచి కింది అంతస్తులో తినాలట. కింద కూల్‌డ్రింకుల మెషీన్ పక్కన ఉన్నవి నాలుగే కుర్చీలు. ఐదుగురం మెట్ల మీద కూర్చున్నాం. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మర్నాటి నుంచి రాలేదు. ఆ ఎండలో బస్‌స్టాప్ బెంచీ మీద ఒక్కతే తింటోందని తెలిసింది.

ఆ రోజే అక్క, సెంటర్ గోడకు అంటించిన ఆ భాషల కాగితం చూసింది.

“‘మా’ అని రాశావేంటే మొద్దూ! ‘మా’ అంటే ఎదుటివాళ్ళని తీసేసి లెక్క. ‘మన’ అంటే వాళ్ళని కూడా కలిపి లెక్క.” మళ్ళీ తనే, “అయినా కరెక్ట్‌గానే రాశావులే. వీళ్ళు చేసేది అదేగా!” అంది. నవ్వింది గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తరువాత నాకొక పని అప్పగించింది: పైన ఇంటి తిండి తింటున్నవాళ్ళెందరో లెక్కపెట్టమంది.

మూడు రోజులు ఒక్కో బల్లనూ రెండేసి సార్లు లెక్కపెట్టాను. పదిహేడు, పద్నాలుగు, పంతొమ్మిది. అందరూ సంచుల్లో ఇంటి సాండ్‌విచ్‌లు తెచ్చుకున్నవాళ్ళే. వాళ్ళలో కిందికి పంపినవాళ్ళు సున్నా.

నాలుగో రోజు అక్క మా అందరినీ, బస్‌స్టాప్ అమ్మాయితో సహా, మళ్ళీ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. మేనేజరమ్మ రాగానే నా లెక్కల కాగితం ఆమె ముందు పెట్టింది. రూల్ అందరికీ అయితే వీళ్ళందరినీ పంపండి, మేమే ముందు దిగుతాం అంది. ఆవిడ కాగితం చూసింది, చుట్టూ చూసింది, వెళ్ళిపోయింది. మళ్ళీ మమ్మల్ని కదలమనలేదు. కానీ ‘సారీ’ అన్న ఒక్క ముక్క కూడా అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క నన్ను కుర్చీ ఎక్కించి మార్కర్ ఇచ్చింది. ‘మా’ కొట్టేసి, పైన ‘మన’ అని రాశాను.

నేను లెక్కలు ఏ కాలేజీలోనూ చదవలేదు. నాకు లెక్కపెట్టడం వచ్చింది ఆ మూడు రోజుల్లోనే. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. ఆ మధ్య మన తెలుగువాళ్ళ హాలులో విందుకు వెళ్ళాను. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ‘మన ఇల్లు’. వంట చేసినావిడ మాత్రం వంటగదిలో గోడకానుకుని నిలబడి తింటోంది. హాలులో ఖాళీ కుర్చీలు పదకొండు. లోపలికెళ్ళి ఆవిడ ప్లేటు నేనే పట్టుకొచ్చి నా పక్కన పెట్టాను. ఆవిడ మొహమాటపడుతూ వచ్చి కూర్చున్నాక మళ్ళీ లెక్కపెట్టాను.

పది.