పొడి పీట

జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో ఆ సందుకి ఒకప్పుడు నూకాలమ్మ గ్రైండరు చప్పుడుతోనే తెల్లవారేది. ఆ చప్పుడు ఆగగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేసేవారు. తెలుగువాళ్ళయితే "నూకాలూ, నిన్న పిండి పల్చనైపోనాదే" అని ఏదో ఒక వంక పెట్టి మరీ పట్టుకెళ్ళేవారు. బీహారీవాళ్ళు ఏమీ అనకుండా పట్టుకెళ్ళేవారు. ఇప్పుడు ఆ ఏమీ అననివాళ్ళే వస్తున్నారు. తెలుగువాళ్ళు ఆమె గుమ్మం ముందు నుంచే నడిచివెళ్ళి, మలుపులో కొట్టులో ప్యాకెట్టు పిండి కొనుక్కుంటున్నారు. ఇడ్లీలు రాళ్ళలా వస్తున్నాయని మొగుళ్ళ చేత తిట్లూ తింటున్నారు. తిననీ! నూకాలమ్మ చేతి పిండి మాత్రం వాళ్ళకి పనికిరాదు. ఆ చెయ్యి దీక్షలో ఉన్న మొగుణ్ణి చంపిన చెయ్యి కదా మరి.

ఆ మాట ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు దులిపెయ్యడానికి వీలుండేది. వెనకాల అన్న మాటకి ఎవరిని పట్టుకుని అడుగుతుంది?

నూకాలమ్మది పలాస దగ్గర పల్లె. ఆదిబాబుకిచ్చి పెళ్ళి చేసి జంషెడ్‌పూర్ పంపించారు. అతడు ప్లాంటులో కాంట్రాక్టు వైర్‌మన్. మంచివాడే. నవ్వుతాడు, పాడతాడు, అన్న ఏం చెబితే అది చేస్తాడు. అసలు చిక్కంతా ఆ చివరిదానితోనే వచ్చింది.

ఆ అన్న పేరు నీలకంఠం. భుయ్యాడీహ్ నుంచి గోల్‌మురి దాకా తెలుగువాళ్ళలో అతడిని ఎరగనివాళ్ళు లేరు. వైరింగు పని చేసేవాళ్ళంతా జేబులో టెస్టరు పెట్టుకుంటారు. స్క్రూడ్రైవరులా ఉంటుంది, తీగకి ఆనిస్తే లోపల చిన్న దీపం వెలుగుతుంది, లైను ఉందో లేదో తెలుస్తుంది. నీలకంఠం జన్మలో టెస్టరు పట్టలేదు. వేలి వెనకవైపుతో తీగని అలా తాకి ఇలా తీసేసి, "ఉందిరా" అనేవాడు, అంతే. చుట్టూ ఉన్న జనం నోళ్ళు వెళ్ళబెట్టేవారు. "కరెంటుకి నానంటే బయం" అని మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. పాపం, అతడికీ ఏముంది చెప్పండి? తండ్రిని పర్మనెంటు చెయ్యలేదు, అతడినీ చెయ్యలేదు. గేటు పాసు మీద సంతకం కోసం కుర్రకుంక సూపర్‌వైజరుకి సలాం కొట్టాలి. ఆ వేలు ఒక్కటే అతడి గొప్ప.

ఆ వేలిని చూసినవాళ్ళెవరూ అతడి కాళ్ళు చూడలేదు. కాళ్ళకి ఎప్పుడూ మందపాటి రబ్బరు అడుగుల బూట్లుండేవి. చేతులు కాయలు కాసి చెక్క ముక్కల్లా ఉండేవి.

తమ్ముడికి కూడా ఆ విద్యే నేర్పాడు. "డర్నా నహీరా. బయపడితేనే అది కొడతాది" అన్నాడు. ఆదిబాబు మొదట జంకాడు. తరవాత తాకాడు. చురుక్కుమంది, అంతకంటే ఏమీ కాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి నూకాలమ్మ చెయ్యి పట్టుకుని, "ఇదిగో, ఈ ఏలే! అన్నయ్యంతోణ్ణి అయిపోనాను" అని ఇల్లంతా గంతులేశాడు. ఆమె కూడా మురిసిపోయింది. మురిసిపోక ఏం చేస్తుంది, పెళ్ళయిన కొత్త.

పోయిన కార్తీకంలో ఆదిబాబు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల లుంగీ, చన్నీళ్ళ స్నానం, చెప్పులు లేని కాళ్ళు. ఉత్తకాళ్ళతో ప్లాంటు గేటు దాటనివ్వరు. అందుకని దీక్ష ఉన్నన్నాళ్ళూ బయటి పనులు ఒప్పుకున్నాడు. భజన పందిళ్ళకి లైట్లు కట్టడం, పూజ ఇళ్ళలో మైకు పెట్టడం, అలాంటివి. ఇంట్లో కింద పడుకునేవాడు. పూజ చేసుకుని, మధ్యాహ్నం భిక్షకి ఒక చిన్న మామిడి పీట వేసుకుని కూర్చునేవాడు. ఆ పీట మీద ఇంకెవరూ కూర్చోకూడదని నూకాలమ్మ దాన్ని కడిగి ఎండబెట్టి గోడకి ఆనించేది.

దీక్ష మధ్యలో ఆమెకి నెలసరి వచ్చింది. ఒక్క గది ఇల్లు. ఎక్కడికి పోతుంది? అత్త ధనమ్మ పెద్దకొడుకు దగ్గర ఉంటుంది, ఆ ఇంటి నిండా మాల వేసుకున్న చుట్టాలే. వెనక వసారాలో చీర అడ్డం కట్టుకుని పడుకుంది నూకాలమ్మ. ఆదిబాబుకి పక్కింటావిడ వండి పెట్టింది. మూడో రోజు పొద్దున్న అతడు పనికి బయలుదేరుతూ మంచినీళ్ళు అడిగాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె గ్లాసు నేల మీద పెట్టి వేళ్ళతో ముందుకి తోసింది. అతడు వంగి తీసుకున్నాడు. "వత్తన్నా" అని వెళ్ళిపోయాడు.

గోల్‌మురిలో ఒకరింట పడిపూజ. మెట్లు కట్టి దీపాలు పెట్టే పూజ అది. పందిరి కింద నేలంతా అప్పుడే పసుపునీళ్ళతో కడిగారు. అతడు స్నానం చేసి తడి లుంగీతోనే లైట్లు చూస్తున్నాడు. ఒక వరస వెలగలేదు. ఒక చెయ్యి పందిరి ఇనప గొట్టం మీద ఉంది. రెండో చేతి వేలు వెనక్కి తిప్పి తీగని తాకాడు, అన్న నేర్పినట్టే. చురుక్కుమని ఊరుకోలేదు. స్వాములందరూ చూస్తుండగా అలాగే బిగుసుకుపోయి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

పదకొండో రోజుకి సందులో మాట పుట్టేసింది. ఎన్నో ఏళ్ళుగా తాకుతున్న వేలే కదా, అదే తీగ, అదే కరెంటు, ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యనిది ఆ రోజే ఎందుకు చంపింది? ఇంట్లో మైల కలిసింది. గ్లాసు అందించడం పక్కింటావిడ గోడవతలి నుంచి చూసింది. ఇంకేం కావాలి! స్వామికి కోపం వచ్చింది.

అసలు ఘోరం ఏమిటంటే నూకాలమ్మ కూడా అదే నమ్మింది. వేళ్ళు తగిలాయా? గ్లాసు తోసినప్పుడు అతడి వేలు తన వేలికి తగిలిందా? ఆ ఒక్క క్షణాన్నే పిండిలా రుబ్బుకుంటూ కూర్చునేది. తగల్లేదనిపించేది ఒకసారి, తగిలిందనిపించేది ఇంకోసారి. చెయ్యి సబ్బుతో తోమీ తోమీ మండిపోయేది.

వేసవిలో ఒకరోజు నీలకంఠం కూతురు వెన్నెల వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల, కానీ పిన్ని దగ్గర రెండూ కలిపి మాట్లాడుతుంది. సంచిలో కాలేజీ మీటరు ఉంది. నూకాలమ్మ ఉన్నట్టుండి అడిగేసింది.

"ఏమే వెన్నెలా, రోజూ ఏమీ సెయ్యని కరెంటు ఆ రోజు మీ బాబాయిని ఎందుకు సంపీసినాది?"

వెన్నెల సంచి దగ్గరికి లాక్కుంది. తరవాత మీటరు బయటికి తీసి, దాని రెండు మొనలు పిన్ని రెండు చేతుల్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకో పిన్నీ. దేఖో, లక్షల్లో చూపిస్తోంది. ఇది నీ ఒంటి రెసిస్టెన్స్. కరెంటుకి నీ ఒళ్ళు పెట్టే అడ్డం."

తరవాత ఆమె చేతులు ఉప్పునీళ్ళలో ముంచి మళ్ళీ పట్టుకోమంది. మీటరులో అంకె జరజరా దిగిపోయింది.

"వేలల్లోకి వచ్చేసింది చూడు. అదే నువ్వు, అవే చేతులు. తడి ఒక్కటే తేడా."

"అయితే ఏటి?"

"షిఫ్టు మారినప్పుడు గేటు దగ్గర జనం తోసుకుంటారు కదా, ఆ తోపు వోల్టేజి. గేటు ఎంత ఇరుకైతే అంత అడ్డం, అది రెసిస్టెన్స్. ఆ తోపుకి ఆ సందులోంచి దూరి ఎంతమంది బయటపడితే అది కరెంటు. తోపు ఎప్పుడూ ఒకటే పిన్నీ, మన ఇళ్ళల్లో రెండువందల ముప్ఫై. కాళ్ళకి బూట్లు, పొడి చెయ్యి ఉంటే గేటు మూసినట్టే. ఒకళ్ళో ఇద్దరో దూరతారు, చురుక్కుమంటుంది. ఉత్తకాళ్ళు, తడి నేల, ఇంకో చెయ్యి ఇనుము మీద ఉంటే గేటు బార్లా తెరిచినట్టు. అందరూ గుండె మీద నుంచే పోతారు." పిల్ల మీటరు కింద పెట్టింది. "ఆప్‌కీ గల్తీ నహీ హై పిన్నీ, నీ తప్పేం లేదు. గ్లాసుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

నూకాలమ్మ తడి చేతులు చూసుకుంది. ఇన్ని నెలలు తోమిన చేతులు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"మరి అలా తాకమని నేర్పినోడెవుడే?" అంది.

వెన్నెల తల ఎత్తలేదు. మీటరు సంచిలో పెట్టేసుకుని, "ఇదంతా నాన్నకి నేను చెప్పాను. ఎప్పుడో చెప్పాను" అని మాత్రం గొణిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నూకాలమ్మ అత్త దగ్గరికి వెళ్ళింది. గేటూ తోపూ అన్నీ తనకి అర్థమైనట్టుగా చెప్పింది. ధనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. ఆశ్చర్యపోలేదు, కాదనలేదు.

"నాకు తెల్దనుకున్నావేటి? నీలకంటమే సెప్పుకుని ఏడ్సినాడు" అంది చివరికి.

"తెలిసి కూడా నన్ను ఇలా..."

"సూడు నూకాలూ. ఒక కొడుకు పోనాడు. ఉన్నోడు తమ్ముణ్ణి సంపుకున్నాడంటే ఆడికి పనెవుడిత్తాడు, ఆడు బతుకుతాడా? తప్పు ఎవుర్దో ఒకర్ది అవ్వాల గదా. నువ్వు ఆడదానివి, మోత్తావు. ఆడు మొయ్యలేడు."

ఎంత నిబ్బరంగా అందో! బియ్యం చాట ఒకసారి కూడా ఆగలేదు.  ఇన్నాళ్ళూ తెలియక అంటున్నారు కాబోలు అనుకుంది పిచ్చిది. తెలిసే అంటున్నారు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గ్రైండరు ముట్టుకుంటే జివ్వుమంది, ఆ వెంటనే ఇంట్లో లైను పోయింది. పప్పు నానబెట్టి ఉంది. పక్కింటావిడ జాలిపడిందో, వేడుక చూద్దామనుకుందో, వెళ్ళి నీలకంఠాన్ని పిలుచుకొచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నీలకంఠం వేలు చూడ్డమంటే ఇప్పటికీ వాళ్ళకి సరదాయే.

అతడు గుమ్మం దగ్గర బూట్లు విప్పలేదు. బురద బూట్లతోనే లోపలికి వచ్చాడు. తమ్ముడి పెళ్ళాం ముఖం చూడకుండా మీటరు పెట్టె వైపు చూస్తూ, "పొడి పీటేదైనా ఉంటే ఇలా పడీ, నూకాలమ్మా" అన్నాడు.

ఆమె గోడకి ఆనించి ఉన్న మామిడి పీట తెచ్చి వేసింది. అతడు దాని మీదికెక్కాడు. జేబులోంచి టెస్టరు తీశాడు. కొత్తది, ఎర్ర పిడి ఇంకా మెరుస్తోంది. ఎడం చెయ్యి దేనికీ తగలకుండా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వేలు కాదు, టెస్టరు మొనని తీగకి ఆనించాడు.

గుమ్మంలో ఒకావిడ, "అదేటి బావా, ఏలెట్టవా?" అంది నవ్వుతూ.

"వయసైపోనాది గదమ్మా" అన్నాడు నీలకంఠం.

నూకాలమ్మ పీట దగ్గరికి వచ్చి నిలబడింది.

"బూట్లున్నాయి. పీటుంది. టెస్టరుంది. ఓ సెయ్యి ఎనక్కి దాసుకున్నావు. ఇన్ని తెలుసా బావా నీకు?" అంది. గొంతు పెద్దగా లేదు, కానీ గుమ్మం దాకా వినిపించింది. "నీ తమ్ముడు ఉత్తకాళ్ళతో ఎల్తా ఎల్తా నీ గుమ్మం ముందునించే ఎల్లినాడు గదా. ఒరే, మాల తీసేదాకా ఏలెట్టకురా, పీటేసుకోరా అని ఒక్క ముక్క ఎందుకు సెప్పనేదు?"

నీలకంఠం చెయ్యి ఆగిపోయింది. ముఖం నల్లబడింది. అతడు ఏదైనా అంటే చాలు, తప్పయిపోయిందని కాకపోయినా ఒక్క ఏడుపు ఏడ్చినా చాలు, ఆమె అన్నీ వదిలేసేదే. అతడు గుమ్మంలోని ఆడవాళ్ళ వైపు చూశాడు. తరవాత ఆమె వైపు వంగి, "మెల్లిగా మాటాడు, జనం ఇంతారు" అన్నాడు.

"దిగు" అంది నూకాలమ్మ. "ఆడు కూకుని తిన్న పీట అది. దిగు. దిగి బూట్లిప్పీ. నేల తడిపెడతాను, ఉత్తకాళ్ళతో నిలబడి ఏలెట్టు. మైల పడకపోతే కరెంటు ఏటీ సెయ్యదు గదా. ఈ ఇంట్లో ఇయాల ఏ మైలా నేదు. ఎట్టు!"

చెంబుతో నీళ్ళు కూడా తీసింది. నీలకంఠం పీట దిగాడు. టెస్టరు జేబులో పెట్టుకుని, తెరిచిన పెట్టె తెరిచినట్టే వదిలేసి, ఆడవాళ్ళని తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక సందుకి అంతా తెలిసిపోయి ఉంటుందనుకుంటారు మీరు. తెలిసింది. సాయంత్రానికి కొత్త మాట పుట్టింది. మొగుణ్ణి మింగింది చాలక, దేవుడి మీద మాటేసి బావగార్ని కూడా నీళ్ళలో నిలబెట్టి చంపబోయిందట. ప్యాకెట్టు పిండి కొనేవాళ్ళు ప్యాకెట్టు పిండే కొన్నారు. కట్టుకున్నది అబద్ధమైనా నలుగురూ కలిసి కట్టుకున్నది కదా, ఎవరు విప్పుతారు?

నూకాలమ్మ పీటని కడగలేదు. పొడిగుడ్డతో బురద తుడిచింది. మర్నాడు జుగ్సలాయి నుంచి ఒక బీహారీ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. చిన్నవాడు. మర్యాద తెలిసినవాడు, గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు విప్పబోయాడు.

"జూతా మత్ ఉతారో భయ్యా" అందామె, బూట్లు విప్పొద్దని చెయ్యి అడ్డం పెట్టి, పీట అతడి ముందుకి జరుపుతూ.