ఊడిన రెక్క ఏ పక్కది

అది మొదలైంది కిందటేడు దసరా నాడు, పొద్దున తొమ్మిదీ పదికి. పూజ తొమ్మిదిన్నర లోపే కావాలని పంతులు చెప్పి వెళ్లాడు. మా ఇంట్లో గడియారం చూసే పని నాది కాబట్టి మెట్ల మీద నిలబడి అందరినీ తొందరపెడుతున్నాను. అందుకే ఆ నిమిషం అంత కచ్చితంగా గుర్తుండిపోయింది. ఇప్పుడీ మాట రాయడానికి కారణం, ఇవాళ మళ్లీ దసరా. పొద్దున్నే పక్కింటామె గోడ మీదినుంచి తల పెట్టి, చెరువు నిండిందనీ, మత్తడి దుంకుతుందనీ సంబరంగా చెప్పింది. నిండిన చెరువు మిగులు నీళ్లు కట్టడం మీదుగా పొర్లి కిందికి దూకడాన్ని మా సిద్దిపేట వైపు అలా అంటారు. పిల్లల్ని తీసుకుని పోయి చూసి వచ్చేంత పండుగ అది. ఆమె ఆ మాట అనగానే మా ఇంట్లో ముగ్గురం చేతిలో పని ఆపేశాం. చెల్లెలు పిండి కలపడం ఆపింది. నేను పూలు తెంపడం ఆపాను. దుకాణం మెట్ల దగ్గర స్పానర్లు కడుగుతున్న మా మరిది, అంటే చెల్లెలి భర్త, నల్లా కట్టేశాడు.

నేను ముప్పై మూడేళ్లు నీటిపారుదల ఆఫీసులో పనిచేశాను. చెరువుల మట్టాలు, మత్తడి పొడవులు, తూముల వెడల్పులు ఒకదానికింద ఒకటి కూడి పైకి పంపేదాన్ని. జిల్లాలో ఏ చెరువుకు ఎన్ని అడుగుల దగ్గర మత్తడి పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని గానీ, ఆ నీళ్లలో పాదం పెట్టింది తక్కువ. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక చెల్లెలి ఇంటి పై వాటాలో ఉంటున్నాను. కింద ముందుభాగం మా మరిది దుకాణం. బోరు మోటర్లు కాలిపోతే వైండింగ్ చేస్తాడు. చిన్నకోడూరు నుంచీ ధూళిమిట్ట నుంచీ రైతులు మోటర్లను స్కూటర్ల మీద పెట్టుకుని ఆయన దగ్గరికి వస్తారు. ఆయనకు ఒక అలవాటు మాట ఉంది. మోటరుకు రెండు వైర్లు అటుదిటు కలిపితే అది ఉల్టా తిరుగుతుంది, శబ్దం బాగానే చేస్తుంది, నీళ్లు మాత్రం పైకి రావు. అలా కలుపుకుని వచ్చిన వాళ్లందరినీ ఆయన ఒకే మాటతో మందలించేవాడు: “బిగించుడు ఎవ్వడైనా బిగిస్తడు. పక్క చూడాలె.”

ఆయన కూతురు, నాకు కూతురు వరసే, విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున పిల్లలకు అలల మీద పలక నడపడం నేర్పే ఉద్యోగం చేసేది. సముద్రమే లేని మా ఊరి పిల్లకు ఆ పిచ్చి ఎలా పట్టిందో నేను లెక్క తేల్చలేకపోయాను. ఆ దసరాకు తన సర్ఫ్ పలకను రైల్లో వేసుకుని, సికింద్రాబాదులో దించి, అక్కడినుంచి ట్రాలీలో ఇంటికి తెచ్చింది. నా కంటే మూడు జానలు పొడవు. వీధివాళ్లు వరసగా వచ్చి చూశారు. ఎదురింటి ముసలాయన దాన్ని తట్టి, “గిదేంది బిడ్డా, ఇస్త్రి బల్లనా?” అని అడిగితే, “అవు తాత, పెద్ద పెద్ద అంగీలకు” అంది. అడుగుభాగాన తోక దగ్గర మూడు రెక్కలున్నాయి. నడుమ ఒకటి పెద్దది, కొడవలి కొసలాంటిది. దానికి అటూ ఇటూ తమలపాకంత చిన్నవి రెండు. మా చెల్లెలు వాటికి చెవులని పేరు పెట్టింది.

నాకు ఏదైనా సగం అర్థమైతే నిద్రపట్టదు. ఈ చిన్న ముక్కలు ఇంత పలకను ఏం చేస్తాయని అడిగాను. ఆ పిల్ల నన్ను వంటింటి నల్లా దగ్గరికి తీసుకుపోయి, గరిటెను కాడ పట్టుకుని వేలాడదీసి, దాని బోర్లా వంపును ధారకు తాకించమంది. గరిటె ధారలోంచి బయటికి తోసుకుపోతుందనుకున్నాను. అది లోపలికి లాక్కుంది. నమ్మక మూడుసార్లు చేశాను, మూడుసార్లూ లాక్కుంది. వంపు వెంట నీళ్లు అంటుకుని వడిగా తిరుగుతాయట, తిరుగుతూ ఆ వస్తువును తమ వైపు లాక్కుంటాయట. చిన్న రెక్కలకు బయటి ముఖం గుండ్రం, లోపలి ముఖం చదును. రెండూ ముక్కు వైపు కాస్త లోపలికి చూస్తూ ఉంటాయి, వంకర అడుగులు వేసే చంటిపిల్ల పాదాల్లా. నడుమ రెక్క పలకను తిన్నగా నడుపుతుంది. మనిషి ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం ఆ పక్క చిన్న రెక్కే నీళ్లలో లోతుగా దిగి పట్టుకుంటుంది. ఆ పట్టు మీదే పలక తిరుగుతుంది.

“లేకపోతే?” అన్నాను.

“లేకపోతే తోక జారుతది పెద్దమ్మా. గది నయమే, లేవని ఎరుకుంటది గద, పైలంగ ఉంటం. తప్పు పెడితెనే చెడ్డ. ఉన్నయని నమ్మి ఒరుగుతం.”

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. గరిటె నా చేతిలో ఇంకా ధార వైపు లాగుతూనే ఉంది.

ఇక దసరా పొద్దుటి సంగతి. పూజకు మా మరిది పనిముట్లన్నీ కడిగి దుకాణంలో పీట మీద పేర్చాడు. స్పానర్లు, కత్తెరలు, వైండింగ్ మిషను పిడి, నా పాత స్కేలు కూడా. అప్పుడు ఆయన కళ్లు గోడకు ఆనించిన పలక మీద పడ్డాయి. బిడ్డ బతుకుదెరువు దాని మీద, దానికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అన్నాడు. అంత పలక పీట మీద పట్టదు. అందుకని కత్తి, కొడవలి పెట్టినట్టుగా దాని రెక్కలు పెడదామని, పలకతో పాటు వచ్చిన మరలు తిప్పే చిన్న తాళంచెవితో రెండు చిన్న రెక్కలనూ విప్పాడు. నడుమది రాలేదు. ఆ పిల్ల అప్పుడు స్నానం చేస్తోంది. నేను తొమ్మిదీ పది అయిందని కేక వేశాను. రెండు రెక్కలనూ పళ్లెంలో కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చారు. చూడముచ్చటగా ఉన్నాయి, రెండు పసుపు ఆకుల్లా. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనే వాటిని మళ్లీ బిగించాడు. ఏది ఏ పక్కదో తెలిపే అక్షరం వాటి అడుగున, గాడిలోకి దిగిపోయే చోట ఉంటుందట. దాని మీద పసుపు ఎండి ఉంది.

మర్నాడు అందరం పలకను ట్రాలీలో వేసుకుని మత్తడికి పోయాం. చిన్నకోడూరు దాటాక ఒక ఊరి చెరువు అది. ఆ కట్టడం పొడవు నాకు అడుగులతో సహా తెలుసు. చూడటం అదే మొదలు. నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. అంచు మీదినుంచి నున్నటి సిమెంటు వాలు మీదుగా జారి, అడుగున రాళ్ల ముందర పైకి లేచి, అక్కడే ఒక అలగా నిలబడిపోయాయి. నిలబడిపోవడమే నన్ను భయపెట్టింది. సముద్రంలో అల వచ్చి పోతుంది, ఇది పోదు. ఎదురుగా మనిషి కోసం నోరు తెరుచుకున్నట్టు ఒకే చోట ఉంటుంది. ఆడవాళ్లు పసుపు, కుంకుమ, పూలు వేస్తున్నారు. పూలు ఆ అల దగ్గరికి పోయి కాసేపు అక్కడే గిరగిరా తిరిగి, ఒక్కసారిగా కిందికి పోయేవి. ఎక్కడ తేలాయో నాకు కనిపించలేదు. చెల్లెలు అది చూసి కూతురి చెయ్యి పట్టుకుని, వద్దు బిడ్డా అంది. ఆ పిల్ల అప్పటికే రెండు రోజులుగా ఆ నీళ్ల మీద మనసు పెట్టుకుంది. సముద్రంలో అల కోసం గంటలు కాచుకోవాలి, ఇది మనకోసం కాచుకున్నదని తల్లికి నచ్చచెప్పింది. పలకను తండ్రి చేతుల్లోంచి అందుకుంటూ ఒకే ఒక ప్రశ్న అడిగింది.

“బాపూ, గట్టిగ బిగించినవా?”

“బిగించిన బిడ్డా. లోడుకు నడిచే మోటరు బిగించినట్టు బిగించిన.”

ఆయన చెప్పింది నిజం. బిగించాడు. అక్కడ ఎవరూ అడగనిది రెండో సగం, పక్క సంగతి, రోజుకు పదిసార్లు ఆయనే అందరికీ చెప్పేది. నీళ్ల హోరులో అది ఆయనకే గుర్తురాలేదు.

పలకకూ చీలమండకూ కలిపి తాడు కట్టుకుని ఆమె పక్కనుంచి దిగింది. పడుకుని కాసేపు, తర్వాత లేచి నిలబడింది. ఆ అల మీద, ఉన్నచోటే ఉండి, కింద నీళ్లన్నీ పరుగెత్తుతుంటే నిలబడింది. వలలు వేస్తున్నవాళ్లు వలలు వదిలేసి చూశారు. ఒకాయన “ఎవ్వల పిల్లనే?” అని అడిగితే మా మరిది తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించుకున్నాడు. తిన్నగా ఉన్నంతసేపు ఏ తేడా లేదు. నడుమ రెక్క తన పని చేస్తూనే ఉంది. అప్పుడు ఆమె ఎడమకు ఒరిగింది. కాలికింది పీట ఎవరో లాగేసినట్టు పలక తోక పక్కకు పోయింది. ఆమె పడలేదు, మాయమైంది. పలక ఒక్కటే పైకి లేచి, రాయికి కొట్టుకుని, తిరగబడి ఆగింది. తాడు బిగిసి వణుకుతోంది. ఆ తాడు రెండో కొస నీళ్ల అడుగున ఉందని మాకందరికీ ఒకేసారి అర్థమైంది.

మా మరిదీ, వలలవాళ్లు ఇద్దరూ నడుములోతులో నిలబడి తాడు పట్టి లాగారు. బయటికి వచ్చింది. ఊపిరి ఉంది. కుడి మోకాలు మాత్రం కాలు తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. సిద్దిపేట దవాఖానలో చూసి హైదరాబాదుకు పంపారు. అక్కడ రెండుసార్లు కోశారు. పలకను ఎవరో ట్రాలీలో మా ఇంటికి చేర్చారు. అడుగున ఎడమ పక్క రెక్క ఊడిపోయింది, గాడి ఖాళీగా ఉంది. కుడి పక్కది మిగిలింది. మోటర్ల వెనక, గోడకు ముఖం పెట్టి దాన్ని నిలబెట్టారు. దాని వైపు మా మరిది చూడడు.

ఆమె ఇంటికి వచ్చిన నాలుగో రోజు, తండ్రి పొలం మోటరు చూడటానికి పోయిన సమయంలో, చంకకర్రల మీద దుకాణంలోకి వచ్చింది. పలకను తిప్పమని నన్ను అడిగింది. మిగిలిన రెక్క మీద బొటనవేలితో లోపలివైపు తడిమింది. తర్వాత తలుపు దగ్గరికి వెయ్యమంది. చిన్న తాళంచెవితో రెక్కను విప్పి, అడుగున ఎండిన పసుపు గోటితో గీకి నాకు చూపించింది. ఇంగ్లీషు ఎల్. ఎడమదని అర్థం. అది కుడి పక్క గాడిలో ఉండింది. గుండ్రం లోపలికి, చదును బయటికి. రెండింటినీ అటుదిటు పెట్టాడన్నమాట. ఉల్టా తిరిగే మోటరు నాకు గుర్తొచ్చింది.

ఆమె ఆ రెక్కను తీసి ఎడమ గాడిలో పెట్టి బిగించింది. ఇప్పుడు ఖాళీ గాడి కుడి పక్కన ఉంది. పలక ఎలా ఉండాలో అలా ఉంది, ఒక రెక్క తక్కువ, అంతే.

“ఊడింది కుడిది పెద్దమ్మా. యాదుంచుకో,” అంది. “బాపు అడిగితె నిన్నే అడుగుతడు.”

ఏడాది పాటు ఆయన అడగలేదు. మోటరు బిగించి ఇచ్చేటప్పుడు మాత్రం ఇప్పుడు స్క్రూడ్రైవరు రైతు చేతికే ఇచ్చి, “నువ్వే చూస్కో” అంటున్నాడు. మందలింపు మాట మళ్లీ మా ఇంట్లో వినబడలేదు. ఆమె ప్రజ్ఞాపూర్‌లో ఒక కంపెనీ ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం చూసుకుంది. బస్సులో ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి, సీటు దొరికేలా ముందు స్టాపుకు పోయి ఎక్కుతుంది.

ఇవాళ పక్కింటామె మాట తర్వాత మా మరిది నల్లా కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే లోపలికి పోయి పలకను వెలుగులోకి తిప్పాడు. మిగిలిన రెక్క మీద బొటనవేలు పెట్టి, పంపు లోపలి ఆకును తడిమినట్టు రెండు ముఖాలూ తడిమాడు. నేను గడప దగ్గర పూల పళ్లెంతో ఉన్నాను.

“వదినె, నువ్వు లెక్క తప్పు చెప్పవు,” అన్నాడు. “ఊడింది ఏ పక్కది? ఆ దినం ట్రాలీల ఎక్కిస్తుంటె నాకు ఎడమ పక్క బొంద కనవడ్డట్టు యాది.”

లోపల చంకకర్ర చప్పుడు ఆగిపోయింది.

“కుడిది,” అన్నాను.

“కుడిదేనా?”

“కుడిదే. నేను చూసిన.”

ఆయన తల ఊపాడు. పీట మీద స్పానర్లు పేర్చాడు, ఒక్కోదానికీ బొట్టు పెట్టాడు, నా స్కేలుకు కూడా పెట్టాడు. పలక దగ్గరికి వచ్చాక కుంకుమ వేలు గాలిలో ఆగింది. “గీ గుండ్రం బయటికే ఉండాలె గద,” అన్నాడు, నన్ను కాదు, దాన్ని చూస్తూ. బొట్టు పెట్టలేదు. మళ్లీ గోడవైపు తిప్పేశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండాలని అనుకున్నాడో నేను చెప్పలేను.

ఆ చెరువు దగ్గర అల ఇప్పుడు కూడా లేచే ఉంటుంది. నీళ్లు ఎన్ని పోయినా అది ఉన్నచోటే ఉంటుంది. మా ఇంట్లో ఏడాది అలాగే గడిచింది. పోయినవి ఇవి: చిన్న రెక్క ఒకటి, కుడిది, ఎడమ పక్కనుంచి. పిల్ల కుడి మోకాలు వంగే వంపులో సగం. ఆమె సముద్రం. మా మరిది అలవాటు మాట ఒకటి. నేను లెక్క తప్పు చెప్పననే పేరు, అది పోయినట్టు ఇంకా ఆ పిల్లకు ఒక్కదానికే తెలుసు.