కిటికీ పక్కన మౌసు

తిరుపతి నెట్ సెంటర్లో ఆన్‌లైన్ తుపాకీ ఆటలో జట్టుగా పోటీలు పడే రోజులవి. గురి కుదరాలని పుత్తూరు బస్సులో కూడా పాత మౌసు తొడ మీద పెట్టుకుని, కిటికీలోంచి కనబడ్డ ప్రతి తలకూ గురిచూసి నొక్కేవాణ్ణి.

“ఏం జేస్తా ఉండావప్పా?” అని ఒకరోజు పక్క సీటు పెద్దాయన అడిగాడు.

“తలకు తగిల్తే ఒక్క దెబ్బకే సస్తారు. ఇప్పటికి నలభై మంది,” అన్నాను.

ఆయన నవ్వాడు.

వడమాలపేటలో బస్సు ఆగుతుంటే, స్టాపులో నిలబడ్డ బడిపిల్ల కనబడింది. నొక్కాను.

“అది నా మనవరాలప్పా,” అంటూ లేచాడాయన.

దిగి, ఆ పిల్ల తలను అరచేత్తో కప్పి, బస్సు కదిలేదాకా నావైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారం పోటీలో, ఎదురుగా తల కనిపించినా నా వేలు కదల్లేదు. ఓడిపోయాం. జట్టువాళ్ళు అడిగితే మౌసు పాడైందన్నాను.